కొత్త కెమెరాకి మెమరీ కార్డు ఎలా ఎంచుకోవాలి, ఎలా చూసుకోవాలి

కెమెరా కొనేముందు నెల రోజులు యూట్యూబ్ చూస్తాం, నలుగుర్ని అడుగుతాం, బాడీ ఏది, లెన్స్ ఏది అని తర్జనభర్జన పడతాం. తీరా బిల్లు కట్టేటప్పుడు షాపతను "కార్డు ఏది వెయ్యమంటారు సార్?" అంటే "ఏదో ఒకటి, మంచిది వెయ్యండి" అనేస్తాం. కానీ తీసిన ప్రతి ఫొటో ముందు చేరేది ఆ కార్డులోకే. లెన్స్ కాస్త తక్కువ రకమైతే ఫొటో కాస్త మసకగా వస్తుంది. కార్డు దెబ్బతింటే అసలు ఫొటోనే ఉండదు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన్ని "ఇంకోసారి పెట్టండి, కార్డు రాయలేదు" అని ఎవరినీ అడగలేం.

కొత్తగా డీఎస్‌ఎల్‌ఆరో, మిర్రర్‌లెస్సో కొని ఇంట్లో పెళ్ళిళ్ళు, ఊళ్ళో జాతరలు, పిల్లల ఫంక్షన్లు తీద్దామనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఖరీదైన కార్డు కొనమని చెప్పబోవడం లేదు. మీ కెమెరాకి సరిపడేది, అసలైనది, రెండు కొనండి. తీసిన రాత్రే ఖాళీ చేయండి. మిగతాదంతా ఈ మాటలకి వివరణే.

ముందు కెమెరాని అడగండి

కార్డు కొనే ముందు కెమెరాతో వచ్చిన మాన్యువల్లో, లేదా కంపెనీ సైట్లో మీ మోడల్ పేజీలో "స్టోరేజ్" అని ఉన్నచోట చూడండి. అక్కడ రెండు సంగతులు తెలుసుకోవాలి: ఏ రకం కార్డు పడుతుంది, ఎంత వేగం వరకు ఆ స్లాట్ వాడుకోగలదు.

కొత్తవాళ్ళు కొనే కెమెరాల్లో దాదాపు అన్నిటికీ ఎస్‌డీ కార్డే. పోస్టల్ స్టాంపు సైజులో ఉండే ఈ కార్డుని 1999లో శాన్‌డిస్క్, పానాసోనిక్, తోషిబా కలిసి తెచ్చాయి. ఇప్పటికీ కొలతలు అవే. డ్రోన్లకి, యాక్షన్ కెమెరాలకి మైక్రో ఎస్‌డీ వాడతారు. పెద్ద కెమెరాల్లో సీఎఫ్ఎక్స్‌ప్రెస్ అని వేరే రకం ఉంటుంది. అందులోనూ టైప్ ఏ, టైప్ బీ అని రెండు సైజులు, ఒకటి ఇంకోదాని స్లాట్‌లో పట్టదు. అవి మీకు ఇప్పుడే అవసరం రాదు కాబట్టి ఇక్కడితో వదిలేద్దాం.

రెండో సంగతి వేగం. ఎస్‌డీ కార్డుకీ స్లాట్‌కీ ఉండే వేగం తరగతిని యూహెచ్ఎస్ అంటారు, మీది యూహెచ్ఎస్ ఒకటా, రెండా అన్నది చూడాలి. కెనాన్ ఆర్50, నికాన్ మొదటి జెడ్50, సోనీ జెడ్‌వీ-ఈ10 లాంటివాటి స్లాట్లు యూహెచ్ఎస్-1. వాటిలో యూహెచ్ఎస్-2 కార్డు పెట్టినా పని చేస్తుంది, కాకపోతే యూహెచ్ఎస్-1 వేగంతోనే. అంటే రెండింతలో, మూడింతలో డబ్బు పోసి కొన్న వేగం కెమెరాలో ఎందుకూ పనికిరాదు. ఈ ఒక్క లైను చదువుకుని షాపుకి వెళ్తే చాలు, అనవసర ఖర్చు చాలావరకు తప్పుతుంది.

పాత కెమెరా ఎవరి దగ్గరైనా తీసుకుంటే ఇంకో జాగ్రత్త. 2 జీబీ వరకు ఉన్నవి మామూలు ఎస్‌డీ, అక్కణ్ణుంచి 32 జీబీ వరకు ఎస్‌డీహెచ్‌సీ, ఆపైన 2 టీబీ వరకు ఎస్‌డీఎక్స్‌సీ. ఎక్స్‌సీ రకాన్ని 2009లో ప్రకటించారు. అంతకంటే పాత కెమెరాలో 64 జీబీ కార్డు పెడితే కార్డు లేదనో, ఎర్రర్ అనో చూపిస్తుంది. అప్పుడు తప్పు కార్డుది కాదు, 32 జీబీది పెట్టి చూడండి.

కార్డు మీద రాతలు చదవడం

దగ్గర్లో కార్డు ఉంటే చేతిలోకి తీసుకోండి. బజార్లో ఎక్కువగా దొరికే 64 జీబీ కార్డు ఒకటి అనుకుందాం. పైన కంపెనీ పేరు. కింద పెద్ద అంకెల్లో సెకనుకి 170 ఎంబీ అనో, 200 ఎంబీ అనో. పక్కన చిన్నగా ఎక్స్‌సీ, దాని దగ్గరే నిలువు గీతలాంటి రోమన్ అంకె ఒకటి, అదే యూహెచ్ఎస్-1 గుర్తు. యూ అక్షరం లోపల 3. సీ అక్షరం లోపల 10. వీ అక్షరం పక్కన 30. కొన్నిటి మీద ఏ1, ఏ2 అని కూడా.

అందరి కళ్ళూ పడేది ఆ పెద్ద అంకె మీదే. ఫొటో తీసేవాడికి అన్నిటికంటే తక్కువ పనికొచ్చేది కూడా అదే. అది చదివే వేగం, అంటే కార్డులోంచి కంప్యూటర్‌లోకి కాపీ అయ్యే వేగం. అదీ తగిన రీడర్ ఉంటేనే. యూహెచ్ఎస్-1 ప్రమాణం ప్రకారం గరిష్ఠ వేగం సెకనుకి 104 ఎంబీ. మరి 170, 200 ఎక్కణ్ణుంచి వచ్చాయి? కంపెనీలు తమ సొంత పద్ధతితో, తమ పద్ధతి తెలిసిన రీడర్లలో మాత్రమే ఆ వేగం తెప్పిస్తాయి. కెమెరా లోపల అది ఉండదు.

కెమెరాకి కావాల్సింది రాసే వేగం. దాన్ని డబ్బా మీద పెద్దగా వేయరు. వెనకవైపు చిన్న అక్షరాల్లోనో, సైట్లోనో వెతుక్కోవాలి. ఒకే కంపెనీ, ఒకే పేరున్న కార్డుల్లో కూడా చిన్న సైజు దానికి రాసే వేగం తక్కువ, పెద్ద సైజు దానికి ఎక్కువ ఉండడం మామూలే. అందుకే మీరు కొనే సైజుకి ఎంత ఇచ్చారో విడిగా చూడండి.

ఇక నమ్మదగిన గుర్తు ఆ వీ పక్కనున్న అంకె. వీ30 అంటే వరసగా వీడియో రాస్తున్నప్పుడు వేగం సెకనుకి 30 ఎంబీ కంటే కిందికి పడదని హామీ. ఎంత పైకి వెళ్తుందన్నది కాదు, ఎంత కిందికి పడదన్నది ముఖ్యం. రికార్డింగ్ మధ్యలో ఆగిపోయేది వేగం పడిపోయిన ఆ ఒక్క క్షణంలోనే కదా. యూ లోపల 3 ఉన్నా అదే 30 ఎంబీ. సీ10, యూ1, వీ10 మూడింటి హామీ ఒకటే, 10 ఎంబీ. ఒకే కార్డు మీద ఇన్ని గుర్తులు ఎందుకంటే కాలానికో కొలమానం వచ్చింది, కంపెనీలు పాతవి తీసేయకుండా పక్కనే కొత్తవి వేస్తూ పోయాయి. మీరు వీ ఒక్కటి చూస్తే చాలు.

ఏ1, ఏ2 ఫోన్లో యాప్‌లు పెట్టుకునేవాళ్ళకి. కెమెరాలో వాటితో పనిలేదు, వాటికోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు.

ఇప్పుడు మీ కెమెరాలో వీడియో మెనూ తెరవండి. 4కే కింద 100 ఎంబీపీఎస్ లాంటి అంకె కనిపిస్తుంది. అది చూసి సెకనుకి 100 ఎంబీ రాసే కార్డు కావాలని చాలామంది కంగారు పడతారు. అవి మెగాబిట్లు. 8తో భాగించండి, 12.5 ఎంబీ వస్తుంది. వీ30 కార్డు దానికి హాయిగా సరిపోతుంది. పెద్ద కెమెరాల్లో ప్రతి ఫ్రేమునీ విడిగా కుదించే ఆల్-ఇంట్రా రకం 4కే 60 ఫ్రేముల రికార్డింగ్ 600 ఎంబీపీఎస్ దాకా వెళ్తుంది. అంటే సెకనుకి 75 ఎంబీ. వీ90 కార్డులు అలాంటివాటికి. ఆ కార్డు వెనక్కి తిప్పితే బంగారు రంగు పట్టీలు రెండు వరసలు ఉంటాయి. యూహెచ్ఎస్-1 కార్డుకి ఒకే వరస.

ఫొటోలకి వేగం ఎక్కడ పనికొస్తుందంటే బరస్ట్‌లో. తలంబ్రాలు పోసుకునేటప్పుడు షట్టర్ మీద వేలు తీయకుండా నొక్కుతాం. కెమెరా ఆ ఫొటోల్ని ముందు తన సొంత మెమరీలో, అంటే బఫర్‌లో పెట్టుకుని, అక్కణ్ణుంచి కార్డుకి పంపుతుంది. కార్డు నెమ్మదిగా తీసుకుంటే బఫర్ నిండి షట్టర్ ఆగిపోతుంది. సరిగ్గా పెళ్ళికూతురు దోసిలి పైకెత్తినప్పుడే. మీ కార్డు ఎలా ఉందో ఇంట్లోనే చూడొచ్చు. మెనూలో రా (కెమెరా మార్పులేవీ చేయని అసలు ఫైలు) ప్లస్ జేపెగ్ (మామూలు ఫొటో ఫైలు) పెట్టండి, బరస్ట్ ఆన్ చేయండి, ఐదు సెకన్లు షట్టర్ నొక్కి వదలండి. వదిలాక కార్డు లైటు ఎంతసేపు వెలుగుతుందో ఫోన్లో టైమర్ పెట్టి చూడండి. స్నేహితుల కార్డు ఒకటి అడిగి అదే పరీక్ష చేస్తే తేడా కళ్ళముందే కనిపిస్తుంది. ఏ రివ్యూ కంటే ఇది నమ్మకం, ఎందుకంటే ఇది మీ కెమెరాలో, మీ సెట్టింగ్‌తో వచ్చిన ఫలితం.

నా సలహా సూటిగా చెప్పాలంటే: మొదటి కెమెరాకి పేరున్న కంపెనీ యూహెచ్ఎస్-1, వీ30 కార్డు. స్లాట్ యూహెచ్ఎస్-2 అయి, క్రికెట్టో, కబడ్డీయో, పక్షులో రా లో బరస్ట్ తీస్తుంటే అప్పుడు వీ60 గురించి ఆలోచించండి.

ఎన్ని జీబీలు?

24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక రా ఫొటో సుమారు 25 నుంచి 30 ఎంబీ, జేపెగ్ సుమారు 10 ఎంబీ ఉంటుంది. రెండూ కలిపి తీస్తే ఫొటోకి 40 ఎంబీ వేసుకోండి. 64 జీబీ కార్డులో దాదాపు 1,500 ఫొటోలు. 100 ఎంబీపీఎస్ వీడియో అయితే అదే కార్డులో సుమారు 85 నిమిషాలు. కంప్యూటర్లో పెడితే 64కి బదులు 59 పైచిలుకు చూపిస్తుంది. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1,024తో లెక్కేస్తుంది. అంతే తేడా, మోసం ఏమీ లేదు.

ఒక 128 కొనాలా, రెండు 64లు కొనాలా అన్నది ఎప్పుడూ నడిచే వాదన. కార్డులు ఎక్కువైతే మార్చేటప్పుడు పడేసుకునే భయం ఉందని ఒక వర్గం, ఒకే కార్డులో అంతా పెడితే అది పోతే అంతా పోతుందని ఇంకో వర్గం. మీ కెమెరాకి స్లాట్ ఒకటే అయితే నేను రెండు 64ల వైపే. స్నాతకం, ఎదురుకోళ్ళు ఒక కార్డులో, ముహూర్తం నుంచి ఇంకో కార్డులో ఉంటే, ఖర్మకాలి ఒకటి చెడినా పెళ్ళి మొత్తం పోదు. పైగా ఇంట్లో ఒక కార్డు లాప్‌టాప్‌లో మర్చిపోయి వచ్చినా రెండోది బ్యాగులో ఉంటుంది. గంటల తరబడి వీడియో తీసేవాళ్ళకి మాత్రం 128 మేలు.

32 జీబీ కార్డులు ఇప్పటికీ దొరుకుతాయి, చవక. వాటి ఫైల్ సిస్టమ్‌లో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు కాబట్టి పెద్ద వీడియో ముక్కలు ముక్కలుగా వస్తుంది. పైగా సోనీ కెమెరాలు కొన్ని 4కేకి 64, ఆపై కార్డే అడుగుతాయి. ఫొటోలకైతే 32తో ఏ ఇబ్బందీ లేదు.

మైక్రో ఎస్‌డీని అడాప్టర్‌లో పెట్టి పెద్ద కెమెరాలో వాడొచ్చా? పనిచేస్తుంది. కానీ కార్డుకీ కెమెరాకీ మధ్య ఇంకో జత పట్టీలు వచ్చి చేరతాయి, అవి లూజైతే మధ్యలో ఎర్రర్ వస్తుంది. అత్యవసరానికి సరే, పెళ్ళికి వద్దు.

నకిలీని కొనకుండా ఉండడం

నకిలీ కార్డులు బజార్లో ఉన్నాయి. చూడ్డానికి తేడా తెలియదు. 8 జీబీ చిప్ పెట్టి, లోపలున్న కంట్రోలర్‌కి 128 అని చెప్పమని నేర్పిస్తారు. కెమెరా కూడా 128 అనే చూపిస్తుంది. మొదటి కొన్ని ఫొటోలు బాగానే ఉంటాయి. అసలు చిప్ నిండాక కొత్త ఫొటోలు పాతవాటి మీదనో, గాల్లోకో రాస్తుంది. ఇంటికెళ్ళి చూస్తే ఫైలు పేర్లుంటాయి, తెరిస్తే బూడిద రంగు. వెయ్యి రూపాయల్లోపు 1 టీబీ కార్డు కనిపిస్తే దాని జోలికి పోకండి.

కోఠీలోనో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)లోనో, మీ ఊళ్ళో ఎప్పట్నుంచో ఉన్న కెమెరా షాపులోనో కొంటే జీఎస్‌టీ బిల్లు అడిగి తీసుకోండి, దాని ఫొటో ఫోన్లో పెట్టుకోండి. బిల్లు కాగితం రెండేళ్ళకి వెలిసిపోతుంది, వారంటీ అంతకంటే ఎక్కువ కాలం ఉంటుంది. ఆన్‌లైన్లో కొంటే వస్తువు పేరుతో పాటు, కింద అమ్ముతున్నది ఎవరో చూడండి. ఒకే పేజీలో పదిమంది అమ్మేవాళ్ళుంటారు. కంపెనీ సొంత స్టోర్ గానీ, వాళ్ళు అధీకృతమని చెప్పినవాళ్ళు గానీ అయితేనే కొనండి. ఒక మాట గుర్తుంచుకోవాలి: వారంటీ కింద కొత్త కార్డు ఇస్తారు, పోయిన ఫొటోలు ఎవరూ ఇవ్వరు.

కొన్న రోజే పరీక్షించండి, వాపసు ఇచ్చే గడువు దాటకముందే. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్‌లో గానీ లినక్స్‌లో గానీ ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. ఇవి కార్డు నిండా డేటా రాసి, మళ్ళీ చదివి, రాసింది రాసినట్టే ఉందో లేదో చెప్తాయి. కార్డు సైజుని బట్టి గంట వరకూ పట్టొచ్చు, పెట్టేసి వేరే పని చూసుకోండి. కంప్యూటర్ లేకపోతే ఇంకో దారి ఉంది. కెమెరాని కిటికీ వైపు పెట్టి కార్డు పూర్తిగా నిండేదాకా వీడియో తీయండి. కెమెరా వేడెక్కి ఆగితే కాసేపాగి మళ్ళీ మొదలుపెట్టండి. తర్వాత మొదటి క్లిప్పు, మధ్యలోది, చివరిది ప్లే చేసి చూడండి. మూడూ శుభ్రంగా ఆడితే కార్డు చెప్పినంత సైజు నిజంగానే ఉంది.

మొదటిసారి కెమెరాలో పెట్టేటప్పుడు

కార్డు పక్కన చిన్న జారుడు మీట ఉంటుంది. అది లాక్ వైపు ఉంటే కెమెరా రాయదు. దాన్ని పైకి, అంటే పట్టీలున్న అంచు వైపు జరపండి. ఆ మీటకి కార్డు లోపల ఏ సంబంధమూ లేదు, అది ఎక్కడుందో స్లాట్ చూసుకుంటుంది. అందుకే మీట విరిగి పడిపోతే కార్డు ఎప్పుడూ లాక్ అయినట్టే చూపిస్తుంది. అప్పటికి ఆ గాడి మీద సన్నటి టేపు ముక్క అంటించి ఫొటోలు బయటికి తెచ్చుకోవచ్చు, తర్వాత ఆ కార్డు వాడకండి. సోనీ టఫ్ కార్డులకి ఈ మీటే ఉండదు, విరిగేది ఉండకూడదని అలా చేశారు.

పెట్టాక కెమెరా మెనూలోకి వెళ్ళి ఫార్మాట్ చేయండి. కంప్యూటర్లో కాదు, కెమెరాలోనే. తనకి కావాల్సిన ఫోల్డర్లు, ఫైల్ సిస్టమ్ కెమెరా తనే వేసుకుంటుంది. ఒక కంపెనీ కెమెరాలో వాడిన కార్డు ఇంకో కంపెనీ కెమెరాలో పెట్టేటప్పుడు కూడా, ఫొటోలు దించుకున్నాక, మళ్ళీ ఫార్మాట్. ఎప్పుడైనా కంప్యూటర్లోనే చేయాల్సి వస్తే ఎస్‌డీ అసోసియేషన్ వాళ్ళ సొంత ఫార్మాటర్ ఉచితంగా దొరుకుతుంది, అది వాడండి.

అలాగే మెనూలో ఫైల్ నంబరింగ్ "కంటిన్యుయస్" అని పెట్టుకోండి. లేకపోతే ప్రతి కార్డూ 0001 నుంచి మొదలవుతుంది, రెండు కార్డుల ఫొటోలు ఒకే ఫోల్డర్లోకి దించేటప్పుడు పేర్లు కలిసి, ఒకదాని మీద ఒకటి పడే ప్రమాదం ఉంది. "కార్డు లేకుండా షట్టర్" అనే ఆప్షన్ ఉంటే ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే కార్డు పెట్టడం మర్చిపోయినా కెమెరా టకటకా కొడుతూనే ఉంటుంది.

కార్డుల మీద సన్నటి మార్కర్‌తో 1, 2 అని రాసుకోండి. కాగితం స్టిక్కరు అంటించొద్దు, లోపల ఊడి స్లాట్‌లో ఇరుక్కుంటుంది.

ఫంక్షన్ రోజు

ముందు రాత్రి కార్డులు ఖాళీగా ఉన్నాయో లేదో చూసి, ఫొటోలు రెండుచోట్ల ఉన్నాయని తేల్చుకున్నాకే ఫార్మాట్ చేయండి. మంటపంలో నిలబడి, కార్డు నిండిపోయిందని ఒక్కో ఫొటో చెరిపే పని పెట్టుకోవద్దు. హడావిడిలో చెరపకూడనిది చెరిపేస్తాం.

కార్డు తలుపు పక్కన ఒక చిన్న లైటు ఉంటుంది, చాలావాటిలో ఎర్రది. అది వెలుగుతున్నంతసేపు కెమెరా రాస్తోందని అర్థం. అప్పుడు తలుపు తీయకూడదు, బ్యాటరీ తీయకూడదు. బరస్ట్ కొట్టాక స్విచ్ ఆఫ్ చేసినా లైటు ఇంకా వెలుగుతుంటే ఆగండి. కార్డులు కరప్ట్ అవడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి. బ్యాటరీ చివరి గీతకి వచ్చినప్పుడు కూడా లాగించకుండా మార్చేయండి. రాస్తుండగా కరెంటు పోతే ఆ ఒక్క ఫొటోయే కాదు, కార్డులో ఏ ఫొటో ఎక్కడుందో చెప్పే పట్టికే దెబ్బతినొచ్చు.

కార్డు నిండేదాకా ఆగొద్దు. ఇంకో వందో, నూట యాభయ్యో మిగిలి ఉండగానే, కార్యక్రమంలో కాస్త విరామం దొరికినప్పుడు మార్చండి. మంగళసూత్రధారణకి ముందు పంతులుగారు మంత్రాలు చదువుతున్నప్పుడు మీకు తప్పకుండా రెండు నిమిషాలు దొరుకుతాయి. మంగళస్నానాల దగ్గర అయితే పక్కకెళ్ళి మార్చండి. పసుపు నీళ్ళు, కుంకుమ, హోమం దగ్గర ఎగిరే బూడిద కార్డు స్లాట్‌కి మంచివి కావు. చెయ్యి తుడుచుకోండి, బంగారు పట్టీలు ముట్టుకోకుండా అంచులు పట్టుకోండి.

తీసిన కార్డు నేరుగా ప్లాస్టిక్ డబ్బీలోకి వెళ్ళాలి. చొక్కా జేబు, పర్సు, ఫోన్ కవరు వెనక, ఇవేవీ వద్దు. కార్డు బరువు రెండు గ్రాములు, పడితే చప్పుడు కూడా రాదు. నిండిన కార్డు మీట లాక్ వైపు జరిపి, బోర్లా పెట్టండి. ఖాళీవి వెల్లకిలా. చీకట్లో, తొందర్లో కూడా ఏది నిండిందో చూడగానే తెలుస్తుంది, పొరపాటున కెమెరాలో పెట్టినా అది రాయనివ్వదు.

రెండు స్లాట్ల కెమెరా అయితే మెనూలో "బ్యాకప్" అని ఉన్నది ఎంచుకోండి. ప్రతి ఫొటో రెండు కార్డుల్లోనూ పడుతుంది. చాలా కెమెరాలు మొదట ఒకటి నిండాక రెండోది అనే పద్ధతిలో ఉంటాయి. డబ్బులు తీసుకుని పెళ్ళి తీసేవాళ్ళు బ్యాకప్ లేకుండా తీయకూడదని నా గట్టి అభిప్రాయం.

ఆ రాత్రి చేయాల్సిన పని

ఇంటికొచ్చేసరికి ఒళ్ళు హూనం అయి ఉంటుంది. అయినా పడుకునే ముందు కాపీ పెట్టండి. ఈ మొత్తంలో నేను బతిమాలి చెప్పేది ఇదొక్కటే. ఫొటో ఒకే ఒక్క చోట ఉన్నంతసేపు అది లేనట్టే లెక్క.

కార్డ్ రీడర్‌కి కాస్త డబ్బు పెట్టండి. పాత యూఎస్‌బీ 2 రీడర్ సెకనుకి 35 ఎంబీ చుట్టూ ఇస్తుంది, నిండిన 64 జీబీ కార్డుకి అరగంట. యూఎస్‌బీ 3 రీడర్‌తో మంచి యూహెచ్ఎస్-1 కార్డు 90 దాకా ఇస్తుంది, పది, పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది. అరగంట పడుతుందంటే రేపు చూద్దామనిపిస్తుంది, పది నిమిషాలైతే చేసేస్తాం.

తేదీ, పేరుతో ఒక ఫోల్డర్ చేసి అందులోకి కాపీ కొట్టండి. కట్ చేసి పేస్ట్ చేయొద్దు. మధ్యలో కేబుల్ కదిలితే ఏది వెళ్ళిందో, ఏది మిగిలిందో తేల్చుకోవడం కష్టం. అయ్యాక రెండువైపులా ఫైళ్ళ సంఖ్య, మొత్తం సైజు సరిపోల్చండి. అక్కడితో ఆపకుండా మొదట్లో, మధ్యలో, చివర్లో కొన్ని ఫొటోలు లాప్‌టాప్ నుంచే తెరిచి జూమ్ చేసి చూడండి. తర్వాత అదే ఫోల్డర్ ఒక బయటి హార్డ్ డిస్క్‌లోకి. ఆ డిస్క్ లాప్‌టాప్ ఉన్న బ్యాగులోనే ఉంటే బ్యాగు పోతే రెండూ పోతాయి కాబట్టి వేరే చోట పెట్టండి. వీలైతే ముఖ్యమైనవి క్లౌడ్‌లోకి కూడా. ఈ రెండు కాపీలూ అయ్యాకే కార్డు ఫార్మాట్ జోలికి వెళ్ళండి.

కార్డు తీసేముందు కంప్యూటర్లో ఎజెక్ట్ నొక్కండి. కార్డులోనే ఫొటోల పేర్లు మార్చడం, ఎడిట్ చేయడం, వాట్సాప్‌లో వచ్చిన పాటలు, సినిమాలు దాంట్లో దాచడం వద్దు. మ్యాక్ వాడేవాళ్ళు ఒకటి గమనించండి: కార్డులోంచి డిలీట్ చేసినవి కార్డు మీదే ఒక దాచిన ట్రాష్ ఫోల్డర్లో ఉండిపోతాయి, జాగా ఖాళీ అవదు. కెమెరాలో ఫార్మాట్ చేస్తేనే పోతాయి.

ఫొటోలు కార్డుల్లోనే ఉంచి, కార్డులే బీరువాలో దాచుకునేవాళ్ళున్నారు. కార్డు లోపల డేటా విద్యుదావేశం రూపంలో ఉంటుంది. వాడకుండా ఏళ్ళ తరబడి పక్కన పెడితే అది మెల్లగా కారిపోవచ్చు. నాన్నగారి షష్టిపూర్తి ఫొటోలు ఉండాల్సిన చోటు అది కాదు.

ఎండ, తడి, విమానం

మే నెలలో అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద కెమెరా గానీ కార్డులు గానీ వదలొద్దు. చిప్ తట్టుకున్నా పైన ప్లాస్టిక్ వంగిపోవచ్చు, వంగిన కార్డు స్లాట్‌ని పాడు చేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో డబ్బీతో పాటు ఒక సిలికా జెల్ పొట్లం పెట్టండి. కార్డు నీళ్ళలో పడితే భయపడకండి, మెత్తని గుడ్డతో ఒత్తి, ఫ్యాన్ గాలికి ఒక రోజంతా ఆరనివ్వండి. హెయిర్ డ్రయ్యర్, ఎండ వద్దు. సముద్రపు నీళ్ళలో పడితే ముందు మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టండి. పూర్తిగా ఆరకముందు కెమెరాలో పెడితేనే అసలు నష్టం.

పెళ్ళి ఫొటోలు తీసుకుని అమెరికాకో, గల్ఫ్‌కో వెళ్ళేవాళ్ళు ఎయిర్‌పోర్టు ఎక్స్‌రే గురించి అడుగుతుంటారు. ఆ భయం ఫిల్మ్ రోల్ కాలం నాటిది. మెమరీ కార్డుకి ఎక్స్‌రేతో ఏమీ కాదు. కార్డులు, డిస్కులు చేతి బ్యాగులో పెట్టుకోండి, చెక్-ఇన్ సామాన్లలో వద్దు.

ఎర్రర్ వచ్చిందా? టెన్షన్ పడకుండా ఈ వరసలో

1. తీయడం ఆపండి. ఒక్క ఫొటో కూడా ఇంక ఆ కార్డులో పడకూడదు. కెమెరా "ఫార్మాట్ చేయాలా?" అని అడిగితే వద్దనండి.

2. కెమెరా ఆపి, కార్డు తీసి, మీట లాక్ వైపు జరపండి. రెండో కార్డుతో పని కొనసాగించండి.

3. ఇంటికొచ్చాక వేరే రీడర్లో, వేరే కంప్యూటర్లో పెట్టి చూడండి. పట్టీలు పొడి గుడ్డతో మెల్లగా తుడవండి. చాలాసార్లు తప్పు రీడర్‌దే అయి ఉంటుంది.

4. కార్డు కనిపిస్తూ ఫొటోలు కనిపించకపోతే, లేదా పొరపాటున చెరిపేసి ఉంటే, ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాము వాడండి. విండోస్‌లో రికువా కూడా ఉంది. దొరికిన ఫొటోల్ని కంప్యూటర్లోకే సేవ్ చేయండి, అదే కార్డులోకి ఎట్టిపరిస్థితుల్లోనూ కాదు. ఫొటోరెక్ పాత ఫైలు పేర్లు తీసుకురాలేదు, ఫొటోలు తెస్తుంది.

5. ఏ కంప్యూటర్లోనూ కార్డు కనిపించకపోతే సొంత ప్రయోగాలు మానేసి డేటా రికవరీ చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఎంత అవుతుందో, ఏమీ రాకపోతే ఎంత తీసుకుంటారో ముందే అడగండి.

చెరిపేసినవి మళ్ళీ ఎలా వస్తాయంటే, మామూలు ఫార్మాట్ అంటే పుస్తకంలో విషయసూచిక చింపేసినట్టు. లోపలి పేజీలు అలాగే ఉంటాయి, వాటి మీద కొత్తవి రాసేదాకా. కెనాన్ లాంటి కెమెరాల్లో "లో లెవెల్ ఫార్మాట్" అని ఇంకోటి ఉంటుంది. అది పేజీలు కూడా తుడిచేస్తుంది, దాని తర్వాత రికవరీ మీద ఆశ పెట్టుకోకండి. కార్డు నెమ్మదించినట్టు అనిపించినప్పుడు అప్పుడప్పుడు అది చేయడం మంచిదే, ఫొటోలన్నీ దించుకున్నాక.

ఒకసారి కారణం లేకుండా ఎర్రర్ ఇచ్చిన కార్డుని నేను మళ్ళీ నమ్మను. ఫార్మాట్ చేశాక బాగానే పని చేసినా సరే, అది ఇంట్లో ప్రాక్టీసుకే. అంచు పగిలినా, పట్టీల మధ్య ప్లాస్టిక్ గీతలు విరిగినా, స్లాట్‌లోకి బిగుతుగా వెళ్తున్నా అంతే. విరిగిన ముక్క ఇరుక్కుని స్లాట్ బాగు చేయించాల్సి వస్తే, కొత్త కార్డు ధర కంటే చాలా ఎక్కువ అవుతుంది.

పాత కార్డు ఎవరికైనా ఇచ్చేటప్పుడు, కెమెరాతో పాటు అమ్మేటప్పుడు ముందు లో లెవెల్ ఫార్మాట్ చేయండి. ఆ ఆప్షన్ లేకపోతే ఎస్‌డీ అసోసియేషన్ ఫార్మాటర్‌లో "ఓవర్‌రైట్" ఎంచుకోండి. లేదంటే కొన్నవాళ్ళు అదే ఫొటోరెక్‌తో మీ ఇంటి ఆడపిల్లల ఫొటోలు, పసిపిల్లల ఫొటోలు తేలిగ్గా బయటికి తీయగలరు. పూర్తిగా చెడిపోయి ఎక్కడా కనిపించని కార్డునైతే ఎవరికీ ఇవ్వకుండా, చిప్ ఉన్నచోట కత్తెరతో రెండు ముక్కలు చేసి ఈ-వేస్ట్‌లో వేయండి.